ఒడ్డుకు చేరిన పడవ

పూర్వపు కృష్ణా జిల్లాకు పశ్చిమ దిశగా ఉన్న జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు మెట్ట నేలలు. డెల్టాలో వలె ఇక్కడ ఊరూరా కాలువలు పారవు. పత్తి, మిరప, అపరాలు ఇక్కడి రైతుకు అలవాటైన పైరులు. సున్నపురాయి ఇక్కడి భూగర్భ సంపద. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఈ ప్రాంతం ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. ఇటువంటి మెట్టసీమకు పడవలతో పని ఏమిటని కొత్తవారికి అనిపించవచ్చు. కాని ఈ సీమకు దక్షిణపు హద్దు కృష్ణానది. తెలంగాణ వైపు నుంచి వచ్చే పాలేరు, మున్నేరు ఈ ప్రాంతంలోనే కృష్ణలో కలుస్తాయి. జగ్గయ్యపేటకు చేరువలో నది ఒడ్డున వేదాద్రి నరసింహ క్షేత్రం, ముక్త్యాల గ్రామం ఉన్నాయి. ఆవలి ఒడ్డు ఒకప్పటి గుంటూరు జిల్లా, నేటి పల్నాడు జిల్లా. ఈ రెండు ఒడ్డుల నడుమ బంధుత్వాలు, బేరసారాలు, దేవుని ఉత్సవాలు తరతరాలుగా నీటి మీదుగానే సాగాయి.

ముక్త్యాల పేరు వినగానే చదువరులకు నాగార్జునసాగరం గుర్తుకు రావడం సహజం. నందికొండ వద్ద ఆనకట్ట కట్టాలని పట్టుదలతో కృషి చేసిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఈ సంస్థానానికి చెందినవారే. నదిని నిలిపిన ఆ మహాప్రయత్నం చరిత్రకెక్కింది. నదిని దాటించిన ఒక చిన్న సాధనం మాత్రం చరిత్రకెక్కకుండానే ఈ ఊరివారికి ఉపకరించింది. అదే బల్లకట్టు.

రెండు పడవలను కొంత ఎడంగా పక్కపక్కన నిలిపి, వాటి మీద అడ్డంగా దూలాలు వేసి, ఆ దూలాల మీద బల్లలు పరచి బిగిస్తే బల్లకట్టు అవుతుంది. దాని నిర్మాణం దాని పేరులోనే ఉన్నది. ఒంటి పడవలో బరువు ఒక పక్కకు పడితే అది వెంటనే ఒరుగుతుంది. జంట పడవల మీది బల్లకట్టు అంత సులభంగా ఒరగదు. బరువు పడిన వైపు పడవ నీటిలోకి దిగిన కొద్దీ నీరు దానిని మరింత బలంగా పైకి నెడుతుంది. రెండవ వైపు పడవ దూరంగా ఉండి సమతూకం నిలుపుతుంది. ఒకనాడు ఎడ్లబండ్లు, పశువులు, ధాన్యపు బస్తాలు దీని మీద ఏరు దాటాయి. తరువాతి కాలంలో ఆటోలు, ట్రాక్టర్లు, లారీలు కూడా ఎక్కాయి. గెడలతోను, మోకులతోను నడిచిన బల్లకట్టుకు మరయంత్రం వచ్చింది; కలప పడవల స్థానాన్ని ఇనుప పడవలు ఆక్రమించాయి. ముక్త్యాల నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న మాదిపాడుకు బల్లకట్టు మీద దాటడం కొద్ది నిమిషాల పని. అదే విజయవాడ మీదుగా రోడ్డున చుట్టు తిరిగి వెళ్ళవలసి వస్తే పూట గడిచిపోతుంది.

ఈ సూత్రం ఒక్క కృష్ణాతీరానికే పరిమితం కాదు. 1950వ దశకం ఆరంభంలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనుప పీపాలను వరుసగా అతికి రెండు పొడవైన గొట్టాలుగా చేసి, వాటి మీద చెక్క వేదికను అమర్చాడు. అదే పాంటూన్ పడవ. నేడు ఆ దేశపు సరస్సులలో అల్యూమినియం గొట్టాల మీద తేలుతూ, పైన కుర్చీలు, చుట్టూ కటకటాలు గల ఇటువంటి పడవలు విరివిగా కనిపిస్తాయి. రూపంలో ఆధునికమైనా ఆలోచనలో అది మన బల్లకట్టుకు తోబుట్టువే. ఒకటి బతుకు తెరువుకు పుట్టింది, మరొకటి వేడుకకు పుట్టింది. అంతే తేడా.

పడవను గురించి చెప్పేటప్పుడు అది నడిచే వేళను గురించే అందరూ చెబుతారు. తెరచాప, తెడ్డు, చుక్కాని, సరంగు పాట ఇవన్నీ మన కవులకు ప్రీతిపాత్రమైన విషయాలు. ఆగిన పడవను పట్టించుకున్నవారు తక్కువ. నిజానికి పడవ ఆయుష్షులో అధికభాగం అది కదలకుండా ఉండే కాలమే. రాత్రులు రేవున ఉంటుంది. వరద వస్తే రేవు మూతపడుతుంది. వేసవిలో ఇసుక తిన్నెలు బయటపడితే పాయలు ఇంకి పడవ కదలదు. మరమ్మతుకు డబ్బు చేతికి అందేదాకా ఒడ్డునే పడి ఉంటుంది. నడిచే పడవలో కనిపెట్టి చూసే మనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడు. ఆగిన పడవ వద్ద ఎవరూ ఉండరు. పడవను చెరిపే శక్తులు ఆ సమయంలోనే తమ పని సాగిస్తాయి.

మొదటి శత్రువు నీరే. నీటి మీద బతికే పడవకు నీరే శత్రువు కావడం వింతగా తోచవచ్చు. కలప పూర్తిగా నీటిలో మునిగి ఉన్నప్పుడు త్వరగా కుళ్ళదు. పూర్తిగా పొడిగా ఉన్నప్పుడూ కుళ్ళదు. తడి, గాలి రెండూ అందే చోటనే బూజు జాతి శిలీంధ్రాలు పెరిగి కలపను తినివేస్తాయి. అందువల్ల నీటిమట్టపు గీత వద్ద, పడవ లోపల వాననీరు నిలిచే మూలల్లో, పలకలు కలిసే అతుకుల వద్ద ముందుగా పుచ్చు మొదలవుతుంది. ఒడ్డుకు చేర్చి నేల మీద నేరుగా పెడితే చెదలు అందుకుంటాయి. అనుభవజ్ఞులు పడవను దుంగల మీద ఎత్తిపెట్టి బోర్లిస్తారు. అడుగున గాలి ఆడుతుంది, వాననీరు నిలవదు, చెదల దారి కంటికి కనబడుతుంది.

అయితే ఆరబెట్టడంలోనూ మితం ఉన్నది. పలకలతో కట్టిన పడవ నీటిలో ఉన్నంతకాలం కలప ఉబ్బి, పలకలు ఒకదానినొకటి ఒత్తుకొని సందులు మూసుకుంటాయి. అదే పడవను రోహిణీ కార్తె ఎండలో వారాల తరబడి వదలివేస్తే పలకలు కుంచించుకొని సందులు విచ్చుకుంటాయి. నార లేదా దూది కూరి, గుగ్గిలం నూనెలో మరిగించి పూసి, తారు పట్టించి వాటిని మళ్ళీ మూయవలసి వస్తుంది. అందుకే పలకల పడవకు ఎండ కాదు, నీడ కావాలి. చెట్టు నీడ దొరికితే మంచిదే. లేకపోతే తాటాకు పాక అయినా వేయాలి.

సముద్రతీరపు తెప్పకు ఈ నియమం తలక్రిందులు. తేలిక కలప దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పను మత్స్యకారులు వేట ముగిసిన తరువాత ఒడ్డుకు లాగి, కట్లు విప్పి, దుంగలను విడివిడిగా ఆరబెట్టేవారు. ఆ దుంగలు నీటిని పీల్చుకొని బరువెక్కుతాయి. ఆరితేనే మళ్ళీ తేలే శక్తి వస్తుంది. పలకల పడవను అతిగా ఆరనీయరాదు, తెప్పను ఆరనీయక తప్పదు. కృష్ణా, తుంగభద్రల మీద తిరిగే పుట్టి కథ ఇంకొకటి. వెదురు బద్దలతో గంపవలె అల్లి, ఒకప్పుడు తోలును, తరువాత ప్లాస్టిక్ పట్టాను కప్పి తారు పూసిన ఈ గుండ్రని పడవను ఒక మనిషి తలపై ఎత్తుకొని పోగలడు. దానిని భద్రపరచడానికి రేవుతో పని లేదు. ఇంటి ముందు బోర్లిస్తే చాలు. వాన వస్తే అదే గొడుగు. పడవ ఏ పదార్థంతో తయారైనదో దానిని బట్టి దాని సంరక్షణ మారుతుందని ఈ మూడు ఉదాహరణలు తెలుపుతున్నాయి.

ఇనుము వచ్చిన తరువాత పుచ్చు పోయి తుప్పు వచ్చింది. తుప్పుకు కూడా నీరు, గాలి రెండూ కావాలి గనుక అదీ నీటిమట్టపు గీత వద్దనే ఎక్కువగా పడుతుంది. ఇనుప పడవను ఏడాదికొకసారైనా ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన నాచును, మట్టిని గీకి, తుప్పు రాల్చి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆపైన రంగు వేయాలి. ఫైబర్ పడవ కుళ్ళదు, తుప్పు పట్టదు. ఈ కారణం చేత దానికి సంరక్షణే అవసరం లేదని చాలామంది అనుకుంటారు. సూర్యకిరణాలలోని అతినీలలోహిత భాగం దాని పైపూతను క్రమంగా సుద్దపొడిలా మారుస్తుంది. పూత పోయిన చోట నీరు లోపలి పొరలలోకి దిగి బొబ్బలు లేపుతుంది. ఎండలు మండే జగ్గయ్యపేట వంటి చోట ఈ నష్టాన్ని తేలికగా తీసుకోరాదు.

ఎండ తరువాత వాన. కప్పు లేని పడవలో ఎంత వాననీరు చేరుతుందో ఒక చిన్న లెక్క వల్ల తెలుస్తుంది. 10 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల తెరిచిన పడవ రేవులో కట్టి ఉన్నదనుకుందాం. ఒక రాత్రి 10 సెంటీమీటర్ల వాన కురిస్తే అందులో చేరే నీరు 2 ఘనపు మీటర్లు, అనగా 2,000 లీటర్లు. దాని బరువు 2 టన్నులు. తెల్లవారేసరికి ఆ పడవ ఇరవై ముప్పై మంది అదనపు మనుషులను మోస్తున్నట్లు లెక్క. ఆ స్థితిలో చిన్న అల వచ్చినా అంచు మీదుగా నీరు లోపలికి దూకుతుంది. మంచిగా కట్టిన పడవ కూడా కట్టిన చోటనే మునిగిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. అందువల్ల పడవ మీద పట్టా కప్పడం అలంకారం కాదు. పట్టాను నడుమ ఎత్తుగా, ఇరువైపులా వాలుగా బిగించాలి. చదునుగా కప్పితే నీరు గుంట కట్టి పట్టాయే చిరుగుతుంది. గాలి ఆడటానికి అంచుల వద్ద కొంత సందు ఉంచకపోతే లోపల ఉక్క పట్టి బూజు పెరుగుతుంది.

పైన చెప్పిన పాంటూన్ పడవల విషయంలో అమెరికావారు ఈ చిక్కులన్నిటికీ కలిపి ఒక ఉపాయం కనిపెట్టారు. సరస్సు ఒడ్డున లోతు తక్కువగా ఉన్న చోట నాలుగు కాళ్ళ లోహపు చట్రాన్ని నీటిలో నిలుపుతారు. దాని నడుమ పైకీ క్రిందికీ కదిలే పీఠం ఉంటుంది. పీఠాన్ని నీటి లోపలికి దించి, పడవను సరిగ్గా దాని మీదికి నడిపి, పక్కనున్న పెద్ద చక్రాన్ని త్రిప్పితే ఉక్కు తీగలు కప్పీల మీదుగా పీఠాన్ని పైకి లాగుతాయి. చక్రం ఎన్నో చుట్లు తిరిగితే గాని పడవ జానెడు లేవదు. చేతి బలం ఆదా కావడానికి చెల్లించే మూల్యం అది. పడవ గొట్టాలు ఒరుసుకొని పోకుండా వాటి క్రింద తివాచీ గుడ్డ చుట్టిన కర్రలు ఉంటాయి. చట్రం మీద గట్టి గుడ్డతో పందిరి వంటి కప్పు. ఈ విధంగా పడవ నీటిని విడిచి, అలలకు అందకుండా, ఎండవానలు తగలకుండా గాలిలో ఆరుతూ నిలుస్తుంది. అడుగున నాచు పట్టదు. కట్టిన తాడు తెగుతుందేమోనన్న భయం ఉండదు. మర్నాడు మళ్ళీ చక్రం త్రిప్పితే పడవ నీటిలో తేలుతుంది.

ఇంత చక్కని ఏర్పాటుకు కూడా కాపలా తప్పదు. పెనుగాలి వచ్చినప్పుడు ఆ పందిరి గుడ్డ తెరచాపలా గాలి పట్టి చట్రాన్నే కూలదోయగలదు. కనుక తుపాను సూచన అందగానే దానిని విప్పివేస్తారు. చలికాలంలో ఉత్తరాది సరస్సులు గడ్డకట్టుతాయి. కదిలే మంచుపలకల ఒత్తిడికి చట్రపు కాళ్ళు వంగిపోతాయి గనుక శీతకాలం రాకముందే పడవను మాత్రమే కాదు, చట్రాన్ని కూడా ఒడ్డుకు లాగుకుంటారు. రక్షించే దానికి కూడా ఒక రక్షణ కావలసి వచ్చిందన్నమాట.

ఈ చట్రాన్ని తెచ్చి ముక్త్యాల రేవులో పాతితే సరిపోతుందా? సరిపోదు. సరస్సు వేరు, నది వేరు. ఆ సరస్సులలో ఏడాది పొడవునా నీటిమట్టం ఎక్కువగా మారదు. మన జలాశయాలలో పరిస్థితి ఇందుకు భిన్నం. నాగార్జునసాగరంలో పూర్తి నీటిమట్టం 590 అడుగులు. కనీస వినియోగ మట్టం 510 అడుగులు. ఆ రెంటి నడుమ 80 అడుగుల తేడా. నిలువు కాళ్ళ మీద నిలిచే ఏ చట్రమూ అంత తేడాను తట్టుకోలేదు. నీటితో పాటు లేచి, నీటితో పాటు దిగే తేలియాడే వేదికలే అక్కడ పనికివస్తాయి. ఇక పారే నదిలో మట్టం ఒక్క రాత్రిలోనే మారిపోగలదు. ముక్త్యాలకు ఎగువన పులిచింతల ప్రాజెక్టు ఉన్నది. నాగార్జునసాగరానికి 115 కిలోమీటర్ల దిగువన, విజయవాడలోని ప్రకాశం బ్యారేజికి 85 కిలోమీటర్ల ఎగువన నిర్మించిన ఈ జలాశయాన్ని 2013 డిసెంబరులో ప్రారంభించారు. దీని నిలువ సామర్థ్యం 45.77 టి.ఎం.సి.లు. 2021 ఆగస్టు 5న తెల్లవారుజామున ఈ ప్రాజెక్టులోని 16వ నంబరు గేటు వరద ఒత్తిడికి ఊడి కొట్టుకొనిపోయింది. ఆ గేటు స్థానంలో తాత్కాలికంగా అడ్డు నిలపడానికి జలాశయంలోని నీటిని పెద్ద ఎత్తున దిగువకు వదలవలసి వచ్చింది. వాన లేని వేళ కూడా రేవులోకి వరద రావచ్చునని దిగువ గ్రామాలవారికి ఆనాడు తెలిసింది. పూర్వం ఆకాశాన్ని చూసి నది రాకను అంచనా వేసేవారు. ఇప్పుడు గేట్ల వార్త కూడా వినాలి.

కృష్ణలో పడవకు అసలైన పరీక్ష ఇదే. పుచ్చు, తుప్పు, ఎండ నెలల తరబడి పని చేస్తాయి. వరద గంటలలో పని ముగిస్తుంది. పైగా మొదటి మూడింటి వల్ల నష్టపోయేది పడవ యజమాని ఒక్కడే. వరదకు తెగిపోయిన పడవ వల్ల నష్టపోయేవారు ఎవరో ముందుగా చెప్పలేము.

ప్రకాశం బ్యారేజి వద్ద జరిగిన సంఘటనలు ఇందుకు సాక్ష్యం. 1957లో ప్రారంభమైన ఆ బ్యారేజికి 70 గేట్లు ఉన్నాయి. దాని వెనుక నిలిచే నీటిమట్టం సాధారణ దినాలలో నిలకడగా ఉంటుంది. అందువల్ల పడవలను ఏడాదంతా నీటిలోనే ఉంచడం సౌకర్యంగా ఉంటుంది. ఆ నిలకడే ఏమరుపాటుకు కూడా కారణమవుతుంది. 2019 ఆగస్టు వరదలో ఎగువ నుంచి కొట్టుకొని వచ్చిన ఒక పడవ బ్యారేజి గేటు వద్ద ఇరుక్కొని, దానిని తొలగించడానికి సిబ్బంది ఎంతో శ్రమించవలసి వచ్చింది. అది ఒక హెచ్చరిక వంటిది. ఐదేళ్ళకు అంతకు మించిన విపత్తు వచ్చింది.

2024 ఆగస్టు చివరి రోజున, సెప్టెంబరు మొదటి రోజున జగ్గయ్యపేట, నందిగామ, విజయవాడ ప్రాంతాలలో కుండపోతగా వాన కురిసింది. మున్నేరు పొంగి నందిగామ వద్ద జాతీయ రహదారిని ముంచింది. బుడమేరు విజయవాడలోకి చొరబడింది. కృష్ణలో ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరులో వచ్చిన మహావరదను కూడా ఇది మించింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. ఆ లెక్కన సెకనుకు మూడు కోట్ల లీటర్లకు పైగా నీరు గేట్ల గుండా పరుగెత్తుతున్నది. ఆ ఉరవడిలో ఎగువన కట్లు తెగిన భారీ ఇనుప పడవలు కొట్టుకొని వచ్చి బ్యారేజిని ఢీకొన్నాయి. అవి ఒకదానితో ఒకటి కట్టి ఉన్నాయని అప్పటి వార్తలు తెలిపాయి. 67, 69 నంబర్ల గేట్లను పైకెత్తడానికి తోడ్పడే కాంక్రీటు సమతూకపు దిమ్మెలు ఆ తాకిడికి దెబ్బతిన్నాయి. లక్షలాది ప్రజలు వరదలో చిక్కుకున్న సమయంలో, వారిని కాపాడవలసిన గేట్లకే ప్రమాదం ఏర్పడింది.

గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో ఆ దిమ్మెల స్థానంలో కొత్తవి అమర్చారు. పడవలను తీయడం అంతకన్న కష్టమైంది. ఇసుక, నీరు నిండిన ఆ ఇనుప పడవలు క్రేన్లకు లొంగలేదు. ఈతగాళ్ళు నీటిలో మునిగి వాటిని కోయడానికి ప్రయత్నించారు. చివరకు వేరే పడవలను జతచేసి, వాటి మీద ఇనుప దూలాలు పరచి, గొలుసులతో మునిగిన పడవను పైకెత్తి లాగే పద్ధతి ఫలించింది. దీనికంతటికీ రెండు వారాలకు పైగా పట్టింది. మునిగిన పడవను లేపినది కూడా చివరకు రెండు పడవలు, వాటి మీద దూలాలు అనే ఆ పాత బల్లకట్టు సూత్రమే కావడం గమనింపదగినది.

పడవ కట్టు తెగడం దైవఘటన అనుకోవడానికి వీలు లేదు. దానికి కారణాలు ఉన్నాయి. నీటి వేగం రెండింతలైతే అది పడవ మీద మోపే బలం నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. మామూలు రోజున నిశ్చింతగా ఆగిన తాడు వరద రోజున తెగడంలో ఆశ్చర్యం లేదు. తాడు గట్టిదైనా దానిని కట్టిన గుంజ గట్టిది కాకపోవచ్చు. ఇసుకలో పాతిన గుంజ చుట్టూ ప్రవాహం కోత పెట్టి దానిని వేళ్ళతో సహా పెకలించినట్లు లాగివేస్తుంది. తాడు మరీ పొట్టిగా ఉంటే, నీరు పెరిగినప్పుడు పడవ పైకి లేవలేక ముక్కు మునిగి నీరు త్రాగుతుంది. మరీ పొడవుగా ఉంటే పడవ అటూ ఇటూ ఊగి పక్క పడవలను గుద్దుతుంది. ఒక పడవకు మరొక పడవను, దానికి ఇంకొకదానిని కట్టడం రేవులలో తరచు కనిపించే అలవాటు. చోటు కలిసివస్తుంది, కాని మొదటి తాడు తెగితే వరుస అంతా పోతుంది. బరువు కూడా అన్నిటిదీ కలిసి ఆ మొదటి తాడు మీదనే పడుతుంది.

కనుక వరద కాలంలో పడవకు నీటిలో కట్టు కన్న ఒడ్డున ఎత్తు మేలు. ఆ ఒడ్డు కూడా ఏటి అంచు కాదు. గత వరద ఆనవాలు ఎంతవరకు ఉన్నదో చూసి, అంతకు పైన ఉండాలి. ఊరిలోని పెద్దలకు ఆ ఆనవాలు తెలుస్తుంది. దుంగలు పరచి, వాటి మీద పడవను దొర్లించి, పది చేతులు కలిపి లాగడం పాత పద్ధతి. ట్రాక్టరు, చేతి మర ఉన్నచోట పని మరింత సులువు. జూన్‌లో తొలకరికి ముందే ఈ పని పూర్తికావాలి. నీరు వచ్చిన తరువాత లాగబోతే మనుషులకే ప్రమాదం.

బల్లకట్టు వంటి భారీ సాధనాన్ని ప్రతిసారీ ఒడ్డుకు ఎక్కించడం సాధ్యం కాదు. దానిని ప్రవాహపు నడిమి నుంచి తప్పించి, వంపు తిరిగిన ఒడ్డు చాటున, ముక్కు ఎగువకు ఉండేటట్లు నిలుపుతారు. ముందుకు రెండు, వెనుకకు రెండు మోకులు వేసి, ఒక్కొక్క మోకును వేర్వేరు ఆధారానికి కట్టాలి. వేళ్ళు లోతుకు దిగిన పెద్ద చెట్టు, రాతిలో దిగగొట్టిన ఇనుప కడ్డీ, కాంక్రీటు దిమ్మె ఇవి నమ్మదగిన ఆధారాలు. మోకు రాతి మీద గాని ఇనుప అంచు మీద గాని ఒరుసుకొనే చోట గోనెగుడ్డ చుట్టాలి. తెగే మోకు చాలావరకు అటువంటి చోటనే తెగుతుంది. యంత్రాన్ని విప్పగలిగితే విప్పి ఇంటికి చేర్చాలి. బల్లలు, మీది సామాను తొలగిస్తే బరువు తగ్గి పడవ తేలికగా లేస్తుంది. అన్నిటినీ మించి, నీరు పెరిగే రాత్రి ఒక మనిషి మెలకువగా ఉండి, మట్టం పెరిగిన కొద్దీ మోకులను వదులు చేస్తూ, తగ్గిన కొద్దీ బిగిస్తూ ఉండాలి. ఈ చివరి పనికి ఏ యంత్రమూ సాటి రాదు.

ఆ మనిషి కూలి ఎవరు ఇవ్వాలన్నది రేవులలో తెగని తగవు. పడవ నడిచిన రోజున కలాసీకి కూలి ఉంటుంది. ఆగిన రోజున ఉండదు. రాబడి లేని నెలలలోనే కాపలా ఖర్చు వస్తుంది. మోకులు కొనే ఖర్చు, రంగు వేసే ఖర్చు కూడా అప్పుడే. పేద మత్స్యకారుడు పాత తాడుతో సరిపెట్టుకోవడం నిర్లక్ష్యం వల్ల మాత్రమే కాదు, లేమి వల్ల కూడా జరుగుతుంది. పెద్ద పడవల యజమానులకు ఆ సాకు లేదు. వారి పడవ బరువు ఎంతో, తెగినప్పుడు అది కలిగించే నష్టమూ అంత.

వరదను ముందుగా తెలుసుకొనే సౌకర్యం ఈనాడు పూర్వం కన్న మెరుగైంది. ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం దాదాపు 4 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, ఐదున్నర లక్షలు దాటితే రెండవ హెచ్చరికను జారీ చేస్తారు. ఎగువ జలాశయాల నుంచి వదిలే నీటి వివరాలు కూడా ప్రకటిస్తారు. బ్యారేజి వద్ద హెచ్చరిక వినబడేదాకా ముక్త్యాలవారు ఆగరాదు. ఆ నీరు అంతకు ముందే వారి రేవును దాటివస్తుంది. వారు వినవలసినది పులిచింతల వార్త.

అంతర్గత జలమార్గాలలో తిరిగే నౌకలకు 1917లో చేసిన చట్టం ఒక శతాబ్దానికి పైగా అమలులో ఉన్నది. దాని స్థానంలో పార్లమెంటు 2021లో కొత్త చట్టం చేసింది. యంత్రంతో నడిచే పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఈ చట్టం ప్రకారం తప్పనిసరి. పడవ పక్కన వ్రాసే ఆ నంబరు నడిచేటప్పటి తనిఖీకి మాత్రమే ఉద్దేశించినదని పడవలవారు భావించడం కద్దు. వరద తీసిన తరువాత ఏ లంకలోనో, ఏ వంతెన స్తంభానికో చిక్కుకున్న ఖాళీ పడవ ఏ రేవుదో, ఎవరిదో చెప్పగలిగేది ఆ నంబరు ఒక్కటే. నాచు, తుప్పు దానిని కప్పివేయకుండా ఏటా తొలకరికి ముందు రంగు వేసేటప్పుడు ఆ అక్షరాలను కూడా తిరిగి దిద్దుతారు.

ప్రశ్నలు

1. పలకల పడవను, తెప్పను, పుట్టిని భద్రపరచే పద్ధతులలో గల భేదాలను వివరించండి.
2. సరస్సులలో ఉపయోగించే కప్పు గల ఎత్తుడు చట్రం కృష్ణానదికి ఎందుకు సరిపడదు?
3. 2024 వరదలో ప్రకాశం బ్యారేజికి పడవల వల్ల ఏర్పడిన ప్రమాదాన్ని తెలపండి.
4. 12 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల కప్పు లేని పడవలో 5 సెంటీమీటర్ల వాన కురిస్తే ఎన్ని లీటర్ల నీరు చేరుతుంది?
5. మీకు తెలిసిన ఏదైనా రేవులో గాని, చెరువు గట్టున గాని పడవలను ఏ విధంగా కట్టి ఉంచుతున్నారో గమనించి ఒక పుటలో వ్రాయండి.